అక్కను తెచ్చుకుందామని వెళ్ళాను

సికింద్రాబాదు వెళ్ళొచ్చి చాలా రోజులైంది. మా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళూ ఏం చూశావు, ఏం తెచ్చావు అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. చార్మినార్ చూడలేదు, గోల్కొండ చూడలేదు, ముత్యాలు కొనలేదు. ఒక మనిషిని చూసి కుళ్ళుకుని, తెచ్చుకుందామనుకున్న మనిషిని అక్కడే వదిలి వచ్చాను. నలుగురిలో చెప్పుకునే మాట కాదు గనుక రాస్తున్నాను. మీలో ఎవరికో ఒకరికి ఇలాంటి ప్రయాణం రాసిపెట్టే ఉంటుంది.

ముందు మా సంగతి. మేం ఇద్దరం అక్కచెల్లెళ్ళం. రాజ్యం నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఆమె సికింద్రాబాదు కోడలై వెళ్ళింది, నేను తెనాలిలోనే ఉండిపోయాను. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చీరలకు ఫాల్స్ కుట్టి, జాకెట్లకు కాజాలు వేసి, ఒకరి ముందు చెయ్యి చాచకుండా బతికింది. ఈమధ్య ఆమె ఇంటి ఓనరు నాకు ఫోన్ చేశాడు. పాలు స్టవ్ మీద పెట్టి మరచిపోతోందట. కూరగాయలకని వెళ్ళి, ఇల్లు ఎటో తెలియక నడిరోడ్డు మీద నిలబడిపోతే ఎవరో ఆటోలో తెచ్చి దించారట. "మీరొచ్చి ఏదో ఒకటి తేల్చుకోండమ్మా" అన్నాడు. తేల్చుకోవడానికేముంది, మా ఇంట్లో ఒక గది ఖాళీ. మా ఆయన మంచం కూడా కొన్నాడు. నేను రైలెక్కాను.

రైల్లో చేగోడీలు

ఖమ్మంలో ఎక్కిన ఒకావిడ నా ఎదురుగా కూర్చుని, స్టీలు డబ్బా మూత తీసి, నాతో మాట్లాడకముందే నాలుగు చేగోడీలు నా చేతిలో పెట్టింది. మావైపు అయితే ముందు ఊరు, ఇంటిపేరు అడిగి, అవి నచ్చితే డబ్బా తీస్తాం. చేగోడీలు వాముతో ఘాటుగా, కరకరలాడుతూ ఉన్నాయి. ఎక్కడికని అడిగితే అక్కను తెచ్చుకోవడానికని చెప్పాను.

"అదృష్టవంతురాలు మీ అక్క" అందావిడ. "మేము మా అత్తను ఆశ్రమంలో వేశామండీ."

వేశాం అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ నా ముఖం చూసి కాసేపు డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది.

"పంపడం కష్టం కాదు. ఎప్పుడు పంపాలన్నదే తెలియలేదు. ముందు పంపితే పాపం, వెనక పంపితే తిప్పలు. మేము వెనక పంపాం. అది ఇల్లో ఆస్పత్రో ఆమెకు చివరిదాకా తెలియలేదు. రోజూ గేటు దగ్గర సంచీ పట్టుకుని నిలబడేది."

అయ్యో అన్నాను గానీ, లోపల మాత్రం మేం అలాంటి వాళ్ళం కాదులే అనుకున్నాను. ఆవిడ చేగోడీలు తింటూనే ఆవిడకంటే నేను ఒక మెట్టు పైన కూర్చున్నాను.

మారేడ్‌పల్లిలో జిలేబీ పాకం

అక్క తలుపు తీసింది. నన్ను తేరిపార చూసింది. ముఖమంతా నవ్వు చేసుకుంది. ఆ నవ్వుకు నేను చేతులు చాచేలోపు లోపలికి తిరిగి కేక వేసింది.

"జుబేదా, మా చెల్లె వచ్చిందే. చాయ్ పెట్టు."

వంటింట్లోంచి సన్నగా పొడుగ్గా ఉన్న ఒకావిడ, తలమీద కొంగు సర్దుకుంటూ వచ్చింది. ఫోన్లో ఎన్నోసార్లు విన్న పేరే. అక్కతో కలిసి చీరలకు ఫాల్స్, కొంగు అంచులకు పీకో కుట్టే జుబేదా. వాళ్ళది జనగామ వైపు, పెళ్ళయి రెజిమెంటల్ బజార్‌కు వచ్చింది. భర్త పోయాడు, కూతురు ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది. పేరు విన్నప్పుడు ఎవరో పనిమనిషి లాంటిదనుకున్నాను. తీరా చూస్తే మా అక్క ఇంటి తాళంచెవి ఆవిడ నడుముకు వేలాడుతోంది.

"కూసోండ్రి" అంది నాతో. మా అక్క ఇంట్లో నన్ను కూర్చోమనడానికి ఆమె ఎవరు? కూర్చున్నాను.

తెనాలి నుంచి బెల్లం జిలేబీ తీసుకెళ్ళాను. అట్టపెట్టె అడుగు తడిసి, పాకమంతా సంచీలోకి కారి, నా రెండు జాకెట్లు, మందుల సంచీ, రైలు టికెట్టు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అక్క పడీపడీ నవ్వింది. మిగిలిన జిలేబీల్లో ఒకటి తీసి, చివరలు విరిచి, మధ్య ముక్క జుబేదా నోటికి అందించింది. చిన్నప్పుడు ఆ మధ్య ముక్క నాది. జిలేబీ కొన్నది నేను, మోసుకొచ్చింది నేను, తిన్నది ఆమె. నాకు విరిగిన చివరలు వచ్చాయి.

చాయ్ తాగాను. నేను కాఫీ తప్ప తాగనని అక్కకు తెలుసు, తెలిసి ఉండాలి. అడగలేదు. ఆ ఇంట్లో పంచదార ఏ డబ్బాలో ఉందో అక్క మూడు డబ్బాలు తీసి చూస్తే, జుబేదా చూడకుండానే నాలుగోది అందించింది. ఇద్దరూ ఒకటే పోట్లాట. కిటికీ తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు. నీ చెవుడు అంటే నీ చెవుడు. "గిట్ల సతాయిస్తవేందే" అని మా అక్క అంటుంటే, గుంటూరు జిల్లాలో పుట్టిన నాలుక ఎటుపోయిందా అని వింటూ కూర్చున్నాను. పోట్లాడుకోవడానికి కూడా చనువు కావాలి. నాతో అక్క ఎంతో మర్యాదగా మాట్లాడింది.

నేను తెచ్చిన మంగళగిరి చీర తీసి అక్క ఒళ్ళో పెట్టాను. అంచు వేళ్ళతో రాసి చూసింది.

"మంచి నేత. రేపు దీనికి ఫాల్ ఏస్త" అంది.

"నీకు కట్టుకోమని తెస్తే పని పెట్టుకుంటావేమే?"

"ఫాల్ లేంది ఎట్ల కడతరే పద్దూ?" అంది, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ ఒక్క పిలుపుతో ఆ పూట నెగ్గుకొచ్చాను.

రెజిమెంటల్ బజార్

మర్నాడు దారం కొనడానికి ముగ్గురం వెళ్ళాం. సందులు ఇరుకు, జనం ఎక్కువ, ఎవరికీ తొందర మాత్రం లేదు. మా తెనాలి బజార్లో కొట్టువాడు మనం గడప తొక్కగానే లేచి నిలబడతాడు. ఇక్కడ కొట్టాయన కూర్చునే ఉండి, చాయ్ సాసర్లోకి ఒంపుకుని మనకే ముందు ఇవ్వబోతాడు. అది మర్యాదో కాదో నాకు తేలలేదు.

దారాల కొట్టులో మా అక్క ముందుకు వెళ్ళి, చీర చూపించకుండానే, గోడ నిండా ఉన్న రీళ్ళ వంక చూసి ఒకటి వేలితో చూపించింది. కొట్టాయన తీసి చీర అంచు మీద పెడితే దారం ఎక్కడుందో కనిపించలేదు, అంతగా కలిసిపోయింది. ఇంటి దారి మరచిపోయిందన్న మనిషి ఈవిడేనా అనుకుని నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఓనరు గోరంతలు కొండంతలు చేశాడనుకున్నాను.

కొట్టాయన నన్ను చూసి, "మీరేమైతరమ్మా?" అన్నాడు.

"చెల్లెల్ని. సొంత చెల్లెల్ని."

"రాజక్కకు చెల్లె సుత ఉన్నదా?" అని ఆశ్చర్యపోయి, జుబేదా వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నువ్వే చెల్లెవనుకున్న గదా."

జుబేదా దారం రీలు కొంగున కట్టుకుంది. కనీసం కాదనైనా అనొచ్చు కదా. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా.

ఆ కోపంలో పక్క కొట్టులో గాజులు కొన్నాను. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేసి బయటికి వస్తే, జుబేదా నా చేతిలో గాజులు చూసి, ఆ కొట్టులోకి వెళ్ళి, నేనిచ్చిన దాంట్లో సగం వెనక్కి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాంతో నా కడుపుమంట ఇంకాస్త ఎక్కువైంది. మనకు నచ్చని మనిషి మనకు మేలు చేస్తే మింగలేం, కక్కలేం.

రోడ్డు పక్కన ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తోంది. చేత్తో తట్టి అంత పల్చగా చేయడం మావైపు చూడలేదు. రొట్టె ఇరవై రూపాయలు, ఎర్రకారం ఉచితం. జుబేదా ఎవరితోనో మాట్లాడుతుంటే, అక్కతో రొట్టె తుంచుకుంటూ నేను వచ్చిన పని ఎత్తాను.

"అక్కా, నాతో తెనాలి వచ్చెయ్. గది ఉంది, మంచం ఉంది. ఒక్కదానివీ ఇక్కడెందుకు?"

అక్క రొట్టె నమిలి, నిదానంగా అంది. "అడుగుత."

"ఎవరిని?"

"జుబేదాని."

కారం గట్టిగా తగిలి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కారమేనని ఆ రొట్టెలామెకు చెప్పాను.

మంగళగిరి చీర

మధ్యాహ్నం అక్క మిషన్ ముందు కూర్చుంది. ఆ మిషన్ చప్పుడు వింటూ నేను కునుకు తీశాను. లేచేసరికి పని అయిపోయింది, చీర నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంది, అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఎంత బాగా కుట్టిందో చూద్దామని విప్పాను.

ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు, మగవాళ్ళ కోసం చెబుతాను. ఫాల్ అంటే చీర కుచ్చిళ్ళు జారకుండా, కాళ్ళకు తగిలి అంచు చిరగకుండా, కింది అంచుకు లోపలివైపు కుట్టే గుడ్డపట్టీ. నడుములో ముందు దోపుకునే లోచెంగు దగ్గర మొదలై కుచ్చిళ్ళ దాకా వస్తుంది. మా అక్క దాన్ని పైఅంచుకు కుట్టింది. అదీ పైటకొంగు వైపు నుంచి, పైకి కనిపించేలా. కుట్టు మాత్రం ఎక్కడా వంకర లేదు. జీవితమంతా ఆ పనే చేసిన చెయ్యి, ఏ పనో మరచిపోకుండా, ఎక్కడ చెయ్యాలో మరచిపోయింది.

చీర పట్టుకుని అలాగే నిలబడ్డాను. జుబేదా ఎప్పుడు వచ్చిందో, నా చేతిలోంచి చీర తీసుకుని, వేలు పెదాల మీద పెట్టి, నన్ను వంటింట్లోకి రమ్మని తల ఊపింది. కింద చతికిలబడి, రవికెకు గుచ్చిన బ్లేడు ముక్క తీసి, ఒక్కో కుట్టూ కోయడం మొదలుపెట్టింది. అలవాటైన పనిలా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఎండకాలం సంది. అన్నీ గాదు. రోజుకొకటో రెండో."

"అంటే మీరు రోజూ విప్పి మళ్ళీ కుడుతున్నారా? మా అక్కకు తెలియదా?"

"తెల్వొద్దు. తప్పు ఏసిన అని తెలిస్తే మిషన్ ముట్టదు. మిషన్ ముట్టకపోతే పొద్దంత ఏం జేస్తది? గోడ సూస్కుంట కూసుంటది."

"నాకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా? నేను తోబుట్టువును. మీరెవరండీ దాచడానికి?"

ఇంత మాట అన్నాను. బ్లేడు ఆగింది. నా వైపు చూడకుండానే జవాబు చెప్పింది.

"చెప్తే తీస్కపోతరు గదా."

నిజమే, తీసుకుపోయేదాన్నే. ఆ నిజం ఆవిడ నోటివెంట వినడం నాకు నచ్చలేదు. నా అక్క జబ్బు నాకంటే ముందు ఆవిడకు తెలియడమే కాకుండా, అది దాచుకోవడానికి ఆవిడకు హక్కున్నట్టు మాట్లాడుతోంది. అక్క రేపే నాతో వస్తుందని గట్టిగా చెప్పేశాను.

"రేపు గాదు" అంది జుబేదా. "రేపు బేస్తారం. మాకు పనున్నది. మీరు సుత రాండ్రి, జెర సూడుండ్రి. ఆ తర్వాత తీస్కపోతే తీస్కపోండ్రి."

దారం పీకిన చీరను ఒళ్ళో పరుచుకుని, కింది అంచు వెతికి, సూదిలో దారం ఎక్కించుకుంది. సాయం చేస్తానని అనలేదు నేను. అనాలని ఉన్నా అనలేదు.

ఏ.ఎస్. రావు నగర్ దాటాక

బేస్తవారం పొద్దున్నే ఇద్దరూ చేతిసంచుల్లో సూదులూ దారాలూ సర్దుకుని బయల్దేరారు. ఏ.ఎస్. రావు నగర్‌లో జుబేదా కూతురి ఇంటి ముందు ఆగి మంచినీళ్ళు తాగాం. అక్కడినుంచి కాస్త దూరం వెళ్ళాక, లోపలికి ఉన్న ఒక కాలనీలో, గన్నేరు చెట్లున్న పెద్ద ఇంటి ముందు ఆటో ఆగింది. ఎవరో డబ్బున్నవాళ్ళు, పెళ్ళి చీరలకు ఫాల్స్ కుట్టించుకుంటున్నారనుకున్నాను.

అక్క మాకంటే ముందే గేటు తీసింది. చెప్పులు ఎడమపక్క అరలో పెట్టింది. వసారా దాటి, కుడికి తిరిగి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. నడవ చివర కిటికీ పక్క కుర్చీలో కూర్చుని సంచీ విప్పింది. ఎవరినీ ఏదీ అడగలేదు. మారేడ్‌పల్లిలో సొంత ఇంట్లో పంచదార డబ్బా వెతుక్కున్న మనిషి ఈవిడే.

ఒక్కొక్కరే గదుల్లోంచి వచ్చారు. అందరూ ముసలివాళ్ళు. లంగా బొందు ఊడిందని ఒకరు, హుక్కు పోయిందని ఒకరు. కర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ, రిటైరైన టీచరట, ఈ వయసులో కట్టుకోను కూడా కట్టుకోని పట్టుచీరకు ఫాల్ వేయించుకుంటోంది. అప్పుడు అర్థమైంది నాకు. రైల్లో విన్న ఆశ్రమం ఇదే రకంది, వీళ్ళు హోమ్ అంటున్నారు.

జుబేదాను గన్నేరు చెట్టు కిందికి లాక్కెళ్ళాను. "మా అక్కను ఇక్కడ వెయ్యాలని చూస్తున్నారా?" అన్నాను. ఆ మాట నేనే వాడానని తర్వాత తట్టింది.

"వానకాలం సంది తోల్కొస్తున్న" అంది జుబేదా. "బేస్తారం బేస్తారం. పని ఉన్నదంటె వస్తది, ఊకె రమ్మంటె రాదు. మొదటి నెల నేను చెయ్యి పట్టుకొని బాత్రూం చూపియ్యాలె. ఇప్పుడు నేను లేకున్న పోతది."

"ఇంకా బాగానే ఉంది కదా. ఇప్పుడే ఎందుకు?"

"బాగున్నప్పుడే." అర్థమయ్యేలా చెప్పాలనుకున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది. "తొవ్వ నేర్చుకునే తెలివి ఉన్నప్పుడే తొవ్వ నేర్వాలె. అంత మర్చిపోయినంక తెచ్చి దింపితే ఇది జైలనుకుంటది. ఇప్పుడైతే ఇది ఆమె పనిచేసే జాగ. కిటికీ పక్క మంచం ఖాళీ అయ్యింది. సోమారం దాక ఆపుతమన్నరు. నేను సుత బిడ్డ దగ్గరికి వచ్చేస్త, రోజు వస్త."

రెజిమెంటల్ బజార్‌లో కాపురానికి వచ్చిన ఇల్లు వదిలి, అల్లుడి ఇంట్లో సర్దుకోవడానికి సిద్ధపడింది ఈవిడ. నేను ఒక మంచం కొనిపించి గొప్ప త్యాగం చేసినట్టు రైలెక్కి వచ్చాను. కృతజ్ఞత రావలసిన చోట నాకు మళ్ళీ ఈర్ష్యే వచ్చింది. ఇంత ముందుచూపు నాకెందుకు లేకపోయింది, నా అక్కకు ఇంత చేసే అవకాశం నాకెందుకు రాలేదు అని కళ్ళు మండిపోయాయి.

మధ్యాహ్నం అందరితో పాటు మాకూ భోజనం పెట్టారు. పప్పు, బెండకాయ వేపుడు, నువ్వులపొడి వేసిన పచ్చిపులుసు. మావైపు పచ్చిపులుసులో నువ్వులు వెయ్యరు. వంకపెడదామని చూశాను గానీ రెండోసారి వడ్డించుకున్నాను.

భోజనాలయ్యాక జుబేదా ఆఫీసు గదివైపు వెళ్ళింది. అక్క కాజా కుడుతూ, తల ఎత్తకుండా అంది.

"జుబేదా నన్ను ఈడ పెట్టాలని చూస్తున్నది. నాకు తెల్వదనుకుంటున్నది."

"తెలిసే వస్తున్నావా?"

"ఏం జెయ్యాలె మరి. అది ఇంత పరేషాన్ అయితుంటె." దారం పళ్ళతో కొరికింది. "నేను ఏదేదో మర్చిపోతున్ననే పద్దూ. నాకెరుకే. అది చెప్పలేదు, దాని నోట్లకెల్లి ఆ మాట రాదు. పరాయిదాన్ని, నేనెట్ల అంట అనుకుంటది. నువ్వు చెప్పు. నువ్వు రమ్మంటె తెనాలి వస్త. ఉండమంటె ఈడ ఉంట. నా మనిషివి నువ్వు."

ఈ మాట కోసమే కదా నేను వచ్చింది. జిలేబీ మధ్య ముక్క దగ్గరనుంచీ కడుపు మండించుకుంటున్నది ఈ మాట కోసమే. ఇక రా అంటే చాలు. జుబేదా ఆఫీసు గదిలోంచి వచ్చేసరికి ఆటో పిలిచేయొచ్చు. రా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క కళ్ళలోకి చూసి ఆగాను.

"అక్కా, మొన్నామధ్య తెనాలిలో పెళ్ళికని మా ఇంటికి వచ్చావు కదా. మా ఇంట్లో బాత్రూం ఎక్కడుందో చెప్పు."

అక్క సూది పట్టుకుని ఆలోచించింది. ముఖం వెలిగింది. "పెరట్ల. బావి దాటినంక, నిమ్మచెట్టు పక్కన."

మేముండేది రెండో అంతస్తులో. పెరడూ లేదు, బావీ లేదు. నిమ్మచెట్టున్నది మేమిద్దరం లంగాలు కట్టుకుని తిరిగిన అద్దె ఇంట్లో. ఆ ఇల్లు కొట్టేసి ఇప్పుడక్కడ సిమెంటు గోడౌను కట్టారు. రైల్లో ఆవిడ చెప్పిన అత్తగారు గుర్తొచ్చింది. మా రెండో అంతస్తు మెట్ల మీద, సంచీ పట్టుకుని, బావి కోసం వెతుకుతున్న అక్క కనిపించింది. పగలంతా ఎవరితో మాట్లాడుతుంది? నాతో. నేను ఎవరో తెలియని రోజున?

"ఇక్కడే ఉండు అక్కా" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

జుబేదా వసారాలోకి రాగానే అక్క చెయ్యి ఊపింది. "నాకన్నీ ఎరుకేనే, మా చెల్లె సుత ఒప్పుకున్నది. నువ్వే ఊకె భయపడ్తివి." వెంటనే ఇద్దరూ కిటికీకి పరదా ఉండాలా వద్దా అని వాదులాడుకోవడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడే ఉన్నాను. నా మాటతోనే అంతా తేలింది, తేలాక నా అవసరం తీరిపోయింది. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. కర్ర పట్టుకున్న టీచరుగారు తన రుమాలు ఇచ్చి, "మొదటి రోజు ఇంటివాళ్ళే ఎక్కువ ఏడుస్తారమ్మా, మేం అలవాటు పడిపోయాం" అని ఓదార్చింది.

సికింద్రాబాదు స్టేషన్

సోమవారం అక్కను చేర్పించాం. మిషన్ కూడా కిటికీ పక్కకు వచ్చింది. ఆ సాయంత్రమే నా రైలు. స్టేషనుకు జుబేదా వచ్చింది. రావద్దన్నా వచ్చింది. దారిలో ఉస్మానియా బిస్కట్లు కొని ఇచ్చింది, ఈసారి కారేది ఏదీ లేదు అని కూడా అంది. ప్లాట్‌ఫారం బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరి మధ్యా సంచీ పెట్టుకున్నాను.

"ఒక మాట అడుగుత" అంది. "మీకు నా మీద జలన్ ఉన్నది గదా."

నా ఈర్ష్యతో సహా దొరికిపోయాను. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఉందన్నాను.

"నాకు సుత ఉన్నది. మీ మీద."

"నా మీద దేనికి? అన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా. తాళంచెవి మీదే, అక్కా మీదే."

జుబేదా పట్టాల వైపు చూస్తూ చెప్పింది. ఈమధ్య అక్క పొద్దస్తమానం మా చిన్నప్పటి మాటలే చెబుతోందట. బావి, నిమ్మచెట్టు, నేను జ్వరంతో పడుకుంటే తను బడి ఎగ్గొట్టడం. అవన్నీ జుబేదా విన్నవే, కొత్త కాదు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన పనులు, పెళ్ళిళ్ళ సీజన్లో నిద్రల్లేకుండా కుట్టిన చీరలు, జుబేదా భర్త పోయినప్పుడు అక్క ఆమె ఇంట్లో నెలరోజులు ఉండి వండిపెట్టడం, అవి మాత్రం అక్క ఎత్తడం మానేసిందట.

"మొన్న నన్ను అడిగింది, నీకు పెండ్లయ్యిందా అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ బీమారిల వెనక వచ్చినోళ్ళు ముందు పోతరు. నేను వెనక వచ్చిన. ఇంకొన్ని దినాలైతే నేను యాదికుండ. మీరుంటరు. మీరు చిన్నప్పటి సంది ఉన్నరు గదా."

పోటీలో ఉన్నానని ఇన్ని రోజులూ కుతకుతలాడింది నేను. గెలిచేది నేనేనని ఆమెకు ముందే తెలుసు. తెలిసీ రోజూ కుట్లు విప్పింది, బేస్తవారం బేస్తవారం చెయ్యి పట్టుకుని దారి చూపింది. సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, ఇద్దరికీ కాస్త చోటు అయింది.

మళ్ళీ తెనాలి

రోజూ సాయంత్రం ఫోన్ చేస్తున్నాను. ఫోన్ జుబేదా పట్టుకుని అక్క చెవి దగ్గర పెడుతుంది, ఇద్దరి ఊపిరి చప్పుడూ నాకు వినిపిస్తుంది. హోమ్‌లో బాగానే ఉంది. అన్నం సయిస్తోంది, టీచరుగారితో రోజూ తగువు. ఎవరి చీర ఎవరికి పోయిందో తెలియడం లేదట, కానీ కిటికీ, కుండ, బాత్రూం ఎక్కడా తప్పడం లేదు.

మొన్న మాటల మధ్యలో అక్క గొంతు తగ్గించింది. రహస్యం చెబుతున్నట్టు అంది.

"పద్దూ, ఈడ ఒకామె ఉన్నదే. రోజు వస్తది. నా పక్కననే కూసుంటది. మంచి మనిషి. పేరు అడిగితే ఏమనుకుంటదో అని అడుగుతలేను. నీకెరుకా ఆమె పేరు?"

ఫోన్ అవతల ఉన్నది జుబేదా చెయ్యి. ఆమె విన్నది. నా లోపల ఏదో ఒక మూల, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఒక్క క్షణం సంతోషం మెరిసింది. నా పేరు గుర్తుంది, ఆమెది లేదు. ఆ క్షణం ఎంత చేదుగా ఉందో మీకెవరికీ తెలియకూడదని కోరుకుంటున్నాను.

"నాకు తెలుసు అక్కా" అన్నాను. "ఆమె జుబేదా. రెజిమెంటల్ బజార్‌లో ఉండేది. నువ్వూ ఆమే కలిసి ఊరందరి చీరలకీ ఫాల్స్ కుట్టారు. వాళ్ళాయన పోయినప్పుడు నువ్వు నెలరోజులు వాళ్ళింట్లో ఉండి వంట చేశావు. కొట్టాయన ఆమెను నీ చెల్లెలనుకునేవాడు."

"అవునా?" అంది అక్క, ఎంతో ఇష్టంగా. "ఇంక జెప్పు."

చెప్పాను. చూసింది కొంచెం, విన్నది కొంచెం, నాకు తెలియనిది కాస్త కల్పించి కూడా చెప్పాను. ఇప్పుడు రోజూ చెబుతున్నాను. మా ఆయన ఎవరి కథలే ఇవి అంటాడు. చెబుతున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంటుంది, అబద్ధమెందుకు. చెప్పడం అయ్యాక అక్క ఫోన్ పక్కకు తిప్పి, "జుబేదా" అని పిలుస్తుంది, ఆమె "ఆఁ రాజక్కా" అంటుంది. అది విన్నాకే ఫోన్ పెట్టేస్తున్నాను.